మూడు బస్సులు మారి ఆత్మకూర్‌కు, ఏడేళ్లు ఆలస్యంగా

నల్గొండ నుంచి మహబూబ్‌నగర్ అవతలి ఆత్మకూర్‌కు నేరుగా బస్సు లేదు. ఏడేళ్లుగా అటువైపు పోకపోవడానికి నాకు నేను చెప్పుకుంటూ వచ్చిన సాకు ఇదే. నిజానికి మూడు బస్సులు మారే ఓపిక ఉంటే, తెల్లవారి బయలుదేరినవాళ్లు మధ్యాహ్నానికి చేరిపోవచ్చు. కొత్తగా చదివేవాళ్ల కోసం చెప్తున్నాను: నా పేరు ఎస్తేరు. నల్గొండలో సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆడవాళ్లకు బస్సు ఉచితం అయినప్పటి నుంచి ఆధార్ కార్డు, నీళ్ల సీసా, ఒక తువ్వాల సంచిలో వేసుకొని జిల్లాలు తిరగడం, తిరిగింది ఇక్కడ రాయడం నా పని. గుట్టలు, చెరువులు, పాడుబడిన కోటలు, చేపల పులుసు దొరికే హోటళ్లు చాలా రాశాను. ఈసారి చూడడానికి పోయింది ఒక మనిషిని. దారి వివరాలు మాత్రం ఎప్పటిలాగే ఇస్తాను, ఎందుకంటే ఇటువంటి ప్రయాణం బాకీపడ్డవాళ్లు మీలోనూ ఉండి ఉంటారు.

మా సంఘంలో ప్రతి శుక్రవారం సాయంత్రం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన ఉంటుంది. ఇరవై ఏళ్లుగా దాన్ని నేనే నడిపిస్తున్నాను. ఎవరికి ఏ కష్టం వచ్చినా చీటీ మీద రాసి ఇచ్చేవాళ్లు, రాయడం రానివాళ్లు నా చెవిలో చెప్పేవాళ్లు. వాటిని ప్రార్థన మనవులు అంటాం. నేను వాటిని పొడుగు నోటుబుక్కులో ఎక్కించుకొని పేరుపేరునా చదివేదాన్ని, ఒక్కొక్కదానికి అందరూ "ప్రభువా" అనేవాళ్లు. ఎవరి మోకాలు వాచిందో, ఎవరి అల్లుడు అలిగి పోయాడో, ఎవరి కొడుకు పరీక్ష తప్పి ఇంట్లో చెప్పలేదో నాకు తెలిసినట్టు మా పేటలో ఇంకెవరికీ తెలియదు. దేవుడు నన్ను పుట్టించిన ఉద్దేశమే ఇది అనుకునేదాన్ని. కొంచెం గర్వం కూడా ఉండేది, దాచడం ఎందుకు.

పోయిన జనవరిలో జలుబు చేసి నా గొంతు పోయింది. నోటుబుక్కు జయమ్మ చేతికిచ్చి నేను వరుసలో కూర్చున్నాను. జయమ్మ మంచి మనిషి, ప్రార్థన కూడికలో నాకు కుడిభుజం. అన్నీ చదివి, చివర్లో నోటుబుక్కులో లేనిది ఒకటి కలిపింది. "మన టీచరక్క కోడలు అత్తతోని మాట బంద్ చేసింది. ఆ ఇంట్ల సమాధానం కోసం జర గట్టిగ ప్రార్థన చేద్దాం." అందరూ మామూలు కంటే గట్టిగానే "ప్రభువా" అన్నారు. ముందు వరుసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు కూడా. అది అంతకు రెండు రోజుల ముందు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ జయమ్మతో అన్న మాట. టీవీ సౌండు దగ్గర వచ్చిన గొడవ, శుక్రవారం నాటికి నేనూ కోడలూ కలిసి చాయ్ తాగుతున్నాం. అయినా నా చెవులు కాలిపోయాయి. నా ఇంటి గుట్టు ఇంతమంది ముందు పెడుతుందా అని లోపల మండిపడుతూ మోకాళ్ల మీద ఉండిపోయాను. ఆ మంట మధ్యలోనే సుగుణ ముఖం గుర్తుకొచ్చింది.

సుగుణ మా బడిలో మధ్యాహ్న భోజనం వండేది. ఆత్మకూర్ దగ్గర గొర్రెలు కాసే ఇంటి ఆడపిల్ల. భర్త బాలయ్య వాచ్‌మన్ పనికి నల్గొండ వస్తే వెంట వచ్చింది. ఆమె పప్పుకు పెట్టే పోపు వాసనకు మూడో పీరియడ్ నుంచే పిల్లలు పాఠం వినేవాళ్లు కాదు, నిజం చెప్పాలంటే నేనూ చెప్పేదాన్ని కాదు. ఆమెను సంఘానికి తీసుకొచ్చింది నేనే. బాప్తిస్మం తీసుకొని నీళ్లలోంచి లేచినప్పుడు తల తుడుచుకోవడానికి తువ్వాల అందించింది నేనే. ఆమె కూతురు కరుణకు చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉండేవి, గోళీలు వేసుకుంటే అదుపులో ఉండేవి. కరుణకు సంబంధం కుదిరింది. పిల్లవాడి పిన్ని మా సంఘం మనిషే. ఆ వారం సుగుణ నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఆదివారం వాళ్లింటికి పోయి బిడ్డ జబ్బు సంగతి నేనే చెప్త. దాచి పెండ్లి చేసుడు నాతోని కాదు. నువ్వు జర పక్కన కూసో, నాకు ధైర్నం" అంది. సరే అన్నాను. మరిచిపోకుండా నోటుబుక్కులో రాసుకున్నాను. శుక్రవారం చదివేశాను. సుగుణ బిడ్డ కరుణకు మూర్ఛ జబ్బు నుంచి విడుదల కోసం, ఆదివారం ఆ సంగతి పెండ్లివారికి చెప్పే ధైర్యం కోసం. చదవడం అయిపోయి తలెత్తాక పిల్లవాడి పిన్ని మూడో వరుసలో నా కంట పడింది. వెనక వరుసలో సుగుణ "ప్రభువా" అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నా వైపే చూస్తోంది.

ఆదివారం దాకా ఆగలేదు, శనివారమే కబురొచ్చింది. సంబంధం వద్దన్నారు. జబ్బు దాచిపెట్టి పిల్లను అంటగట్టబోయారని పేటంతా అనుకున్నారు. నిజం చెప్పి తీరాలని పట్టుబట్టిన మనిషిని నేను అబద్ధాలకోరును చేశాను. సుగుణ మామూలుగానే బడికి వచ్చింది, వండింది, గిన్నెలు కడిగింది. ఎండాకాలం సెలవుల దాకా నాతో ఒక్క మాట మాట్లాడకుండా గడిపి, సామాను కట్టుకొని తల్లిగారి ఊరికి వెళ్లిపోయింది. ప్రార్థన కోసమే కదా చదివానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అంతటితో ఆగానా అంటే అదీ లేదు. ఆమె పోయాక రెండు శుక్రవారాలు "విశ్వాసంలో చల్లబడిన సుగుణ కోసం" అని చదివాను. 

జనవరిలో ఆ శుక్రవారం తర్వాత పాత నోటుబుక్కులు అటక మీద నుంచి దింపి చూస్తే, నా గుండ్రటి అక్షరాల్లో అన్నీ ఉన్నాయి. పాస్టరు గారి దగ్గరికి పోయి ఏడ్చాను. ఆయన నా కొడుకు వయసువాడు, నా దగ్గరే ఏడో తరగతి చదివాడు. అంతా విని, "దేవుడు క్షమిస్తడు టీచర్. కానీ ఇదంత నాకెందుకు చెప్తున్నరు? సుగుణమ్మకు చెప్పిన్రా?" అన్నాడు. ఆమె ఎక్కడుందో ఏమో అని నసిగాను. "ఆర్నెల్లల్ల మూడు జిల్లాలు తిరిగి రాసిన్రు గదా మీరు" అన్నాడు. వీడికి ఇన్ని తెలివితేటలు నేర్పింది నేనేనా అనిపించింది. ఫిబ్రవరి మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల నా వరుస దాకా వచ్చినప్పుడు రొట్టె పళ్లెం పక్కనామెకు అందించి తల దించుకున్నాను. బల్లలో చెయ్యి వేయకపోవడం, అంటే దిద్దుకోని తప్పు ఉందని ఆ రొట్టె తీసుకోకపోవడం, మా దగ్గర చిన్న సంగతి కాదు. ఆ శుక్రవారమే "టీచరక్క కోసం" అని ఎవరో చీటీ పెట్టారు. బడిలో సుగుణతో కలిసి వండిన ఇంకొకామెను అడిగి ఊరి పేరు కనుక్కున్నాను. ఫోన్ నంబరు కూడా ఇస్తానంది. వద్దన్నాను, ఫోన్ చేస్తే రావద్దంటుందని భయం. ఈస్టరు ముందు వచ్చే నలభై రోజుల శ్రమ దినాలు మొదలయ్యేలోపు పోయి రావాలనుకున్నాను.

శనివారం పొద్దున ఐదున్నరకు నల్గొండ బస్టాండులో దేవరకొండ బస్సు ఎక్కాను. కొండమల్లేపల్లి దగ్గర దిగాలి, గంటన్నర పడుతుంది. ఎండ ఇంకా ముదరలేదు. బత్తాయి తోటలు, కట్టె పీకేసిన పత్తి చేలు, వాటి మధ్య ఒక్క ఆకు లేకుండా పూసిన మోదుగు చెట్లు. నేను ఇవేవీ సరిగ్గా చూడలేదు, సంచిలోంచి కాగితాలు తీసి చదువుకుంటున్నాను. అవును, క్షమాపణ రాసుకున్నాను, రెండు పేజీలు. ముప్పై ఏళ్లు వ్యాసరచన నేర్పిన చెయ్యి ఊరుకోదు. కండక్టర్ అమ్మాయి వస్తే ఆధార్ చూపించి, "ఎట్లాగు జీరో టికెటే గదమ్మా, కొట్టకపోతే ఏమైతది?" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, "పైసలు లేవంటే టికెట్ లేనట్టు కాదమ్మా. చెయ్యి సాపి తీసుకోవాలె. చెకింగ్ వస్తే నన్నడుగుతరు" అంది. వెంటనే నాలో ప్రసంగం మొదలైంది. కృప ఉచితమే, అయినా చెయ్యి చాపాలి. శుక్రవారానికి భలే పనికొస్తుందని పెన్ను కూడా తీశాను. తీశాక నాకే సిగ్గేసింది. నేను పోతున్న పనేమిటి, చేస్తున్న పనేమిటి! పెన్ను సంచిలో వేసి టికెట్ మడిచి పెట్టుకున్నాను.

మల్లేపల్లి కూడలిలో చాయ్ పది రూపాయలు, రెండు తాగాను. ఏడున్నరకు మిర్యాలగూడ వైపు నుంచి మహబూబ్‌నగర్ పోయే బస్సు దొరికింది. అది తప్పిపోయినా కంగారు పడకండి. కల్వకుర్తి దాకా ఏదో ఒకటి పట్టుకుంటే అక్కడి నుంచి జడ్చర్ల మీదుగా బస్సులకు కొదవ లేదు. ఈ ముక్కలో రోడ్డు బాగుంటుంది, కునుకు పడుతుంది. కల్వకుర్తిలో పది నిమిషాలు ఆపితే ఇడ్లీ బండి దాకా పోయి, తినకుండానే తిరిగొచ్చి కూర్చున్నాను. సుగుణ తలుపు మూసేస్తే ఏం చేయాలన్నది ఒక్కటే ఆలోచన. ఆమె నా మూలంగా దేవుణ్ణే వదిలేసి ఉంటే ఏం చేయాలన్నది దాని వెనక ఇంకో ఆలోచన. దాన్ని తలుచుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు.

పదకొండు కాకముందే మహబూబ్‌నగర్‌లో దిగాను. బస్టాండు వెనక సందులో ఒక చిన్న మెస్ ఉంది, బోర్డు లేదు, జొన్నరొట్టెలు కొట్టే చప్పుడును బట్టి పోవాలి. రెండు రొట్టెలు, పప్పు, పచ్చిపులుసు కలిపి డెబ్బై రూపాయలు. రొట్టెలు చేసే నడివయసామె పొయ్యి ముందు కూర్చొనే అందరినీ పలకరిస్తోంది. నేను కాగితాల మీద కొట్టివేతలు చేస్తుంటే, "ఏం రాస్తున్నవమ్మా, దరఖాస్తా?" అంది.

"క్షమాపణ. ఒకామెకు చెప్పేదున్నది."

"గంత పొడుగా?" ఆమె రొట్టెను పెనం మీద తిప్పి, తడి చేత్తో అద్దింది. "మా ఆయన గంతగనం చెప్పుకుంట కూసుంటే నేను సగంలనే లేసి పోత. తప్పెంతుందో గంతే చెప్పాలె. మిగిలిందంత ఎందుకు?"

రొట్టె తింటూ కాగితాలు మళ్లీ మొదటి నుంచి చదివాను. మొదటి పేజీ నిండా నేను ఎంత మంచి ఉద్దేశంతో చదివానో ఉంది. సుగుణ పేరు రెండో పేజీలో గానీ రాలేదు. పిల్లల వ్యాసమైతే ఎర్ర సిరాతో విషయం ఏది అని రాసేదాన్ని. మడిచి సంచి అడుగున పెట్టేశాను.

పదకొండూ నలభైకి ఆత్మకూర్ బస్సు. దేవరకద్ర దాటాక కాలువ నీళ్లు పారే పొలాలు మొదలవుతాయి. ఒక పక్క యాసంగి వరి, ఇంకో పక్క పల్లికాయ పీకుతున్న కూలీలు. ఒంటిగంటన్నర లోపే దిగాను. అక్కడి నుంచి ఊరికి ఆటో నూట యాభై. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు, కారణం చివర చెప్తాను. పేరు చెప్పగానే ఆటో అతను, "ఎవలింటికమ్మా? గొర్ల సుగుణమ్మ ఇంటికా? ఆదివారం చర్చిల పాటలు పాడ్తది, గా అమ్మనే గదా?" అన్నాడు.

"చర్చికి పోతదా?"

"ఎందుకు పోదు? మా వాడకట్టులనే ఉంది చర్చి. ఆమె గొంతు రోడ్డు దాక ఇనబడ్తది. ప్రార్థన చెప్పుమంటే మాత్రం చెప్పదట, మా అమ్మ అంటది. పాట ఒక్కటే."

చల్లబడిందని నేను ఊరందరితో మొర పెట్టించిన మనిషి గొంతు రోడ్డు దాకా వినబడుతోందట. సంతోషంతో కళ్లు తుడుచుకున్నాను, ఆ వెంటనే సిగ్గుతో మళ్లీ తుడుచుకున్నాను. ఇంట్లో ఉంటుందా అని అడిగితే, "మంద బాలయ్య తోలుకపోయిండు. ఈనిన గొర్లకాడ అమ్మ ఉంటది, ఏడికి పోదు" అన్నాడు. వెనక్కి తిప్పమనాలని నోటిదాకా వచ్చిన మాట అక్కడ ఆగిపోయింది.

రేకుల ఇల్లు, ముందర ముళ్లకంప దడి. దడి లోపల సుగుణ వంగి ఉంది. జుట్టు సగం నెరిసింది, చేతులు మాత్రం అవే, గంపెడు బియ్యం ఒక్క ఊపున కడిగే చేతులు. తలెత్తి నన్ను చూసింది.  మునుపు నన్ను అక్కా, నువ్వు అనేది.

"టీచర్" అంది. "మంచిగున్నరా?"

"సుగుణా, నేను నీకు ఒకటి..." అని మొదలుపెట్టబోతే చెయ్యి ఎత్తి ఆపింది. ఆమె కాళ్ల దగ్గర ఒక గొర్రె, నాలుగు రోజుల పిల్లను ఎగిరి తంతోంది.

"జర ఆగున్రి. దీని పిల్ల మొన్న సచ్చిపోయింది. గీ పిల్లకు తల్లి సచ్చింది. రెండింటిని కలుపుతున్న. పిల్లను రానిస్తలేదు ఇది. వచ్చిన్రు గదా, దీని మెడ పట్టుకోన్రి." నా తెల్లచీర వైపు ఒకసారి చూసింది. "సప్పుడు మాత్రం చెయ్యొద్దు. కొత్త గొంతు ఇంటే బెదుర్తది, పాలు చేపదు."

మా సంఘంలో ఈ మాట వింటే నవ్వుతారు. నన్ను నోరు మూసుకొమ్మని చెప్పినవాళ్లు ఇంతవరకు లేరు. ఇస్త్రీ చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి, మట్టిలో మోకాళ్లూని, గొర్రె మెడ చుట్టూ రెండు చేతులు వేశాను. సుగుణ దాని పాలే నాలుగు చుక్కలు పిండి పిల్ల వీపుకు రుద్దింది, పిల్ల మూతిని పొదుగుకు ఆనించింది. తన్నింది. మళ్లీ రుద్దింది, మళ్లీ ఆనించింది. గొర్రె గుండె నా మోచేతి కింద దడదడలాడుతోంది.  మాట్లాడడానికి వీల్లేదు కాబట్టి చెప్పాల్సిన మాటలు లోపలే తిరిగాయి. తిరిగేకొద్దీ ఒక్కొక్కటి రాలిపోయాయి. "నా ఉద్దేశం" అనేది పోయింది. "నాకు తెలియక" అనేది పోయింది. "ఏడేళ్లుగా నేను ఎంత బాధపడ్డానో" అనేది కూడా పోయింది, ఎందుకంటే ఏడేళ్లు నేను బాధపడలేదు, హాయిగా నోటుబుక్కు చదువుకున్నాను. అరగంట పట్టి ఉంటుంది. ఎన్నోసారికో పిల్ల పట్టు దొరికించుకుంది, చిన్న తోక టపటపా ఆడింది. గొర్రె తల వెనక్కి తిప్పి పిల్ల వీపు వాసన చూసింది, తన్నలేదు.

సుగుణ చేతులు కొంగుకు తుడుచుకుంది. నా వైపు చూడకుండా, పిల్లనే చూస్తూ, "ఇప్పుడు చెప్పున్రి. మెల్లగ" అంది.

"నీ మాట నువ్వు చెప్పుకునేదుండె. నేను చెప్పేసిన. నిన్ను అబద్ధాలదాన్ని చేసిన. నువ్వు పోయినంక కూడ చల్లబడ్డవని చదివిన. తప్పు చేసిన సుగుణా."

అంతకంటే రాలేదు. గొర్రె మెడ వదలమని ఆమె చెప్పలేదు, నేను వదలలేదు.

"పండుకునే ముందు తెలిసినోళ్ల పేర్లన్ని దేవునికి చెప్త" అంది సుగుణ. "మీ పేరుకాడికి వచ్చేవరకు నోరు పడకపోయేది. మనసుల ఇంత కోపం పెట్టుకున్నందుకు మళ్ల నేనే క్షమించుమని అడుక్కోవాలె. ఏడేండ్లసంది ఇదే. తప్పు మీరు చేసిన్రు, రోజు పని నాకు పెట్టిన్రు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ వచ్చాయి. ఆమె పెదవి కూడా ఒక పక్క కదిలినట్టే ఉంది. "నాకు చెప్పుడు సరే. మాట పోయింది నాదొక్కదానిదే కాదు" అని ఇంటి వైపు చూసింది. అప్పటిదాకా లోపల నడుస్తున్న కుట్టుమిషన్ చప్పుడు ఆగి ఉంది. కరుణ గడపలో నిలబడి అంతా విన్నది.

ఇప్పుడు ఆమెకు పెళ్లయింది, ఆత్మకూర్‌లో ఉంటుంది, బడిపిల్లల బట్టలు కుట్టడానికి పగలు తల్లి ఇంటికి వస్తుంది. మట్టి చేతులతోనే ఆమెకు దండం పెట్టబోయాను. రెండు చేతులూ పట్టి కిందికి దించింది. "గా సంబంధం పోయిందని ఏడ్వలే టీచర్" అంది. "నేను ఆడ లేనప్పుడు నా జబ్బు అందరి నోట్ల పడ్డదని ఏడ్చిన. గప్పటిసంది ఎవ్వరికైనా నేనే ముందు చెప్త. ఇప్పుడున్న మా ఆయన చూడనీకె వచ్చినప్పుడు చాయ్ గిలాస చేతికియ్యకముందే చెప్పిన. ఆయన ఏ గోళీలు, ఎప్పుడెప్పుడు వేసుకోవాలె అని అడిగిండు."

నా ముఖం వెలిగిపోయి ఉంటుంది. "చూసినవా సుగుణా, దేవుడు ఎట్ల..." అన్నానో లేదో సుగుణ అడ్డుపడింది.

"గా మాట మీరు అనొద్దు టీచర్. దేవుడు మేలు చేసిండని నేనంటే సాక్ష్యం. మీరంటే తప్పించుకునుడు."

ఇరవై ఏళ్ల ప్రసంగాల్లో నేను ఇంత సూటిగా ఒక్క వాక్యం చెప్పలేదు. ఆ రోజుకు రెండోసారి నోరు మూసుకున్నాను. కరుణ నీళ్లు పోస్తే చేతులు కడుక్కున్నాను. సుగుణ లోపలికి పోయి కంచంలో అన్నం, పప్పు తెచ్చి నా ముందు పెట్టింది. మహబూబ్‌నగర్‌లో రొట్టెలు తిన్నానని చెప్పే ధైర్యం లేదు. ఒక ముద్ద నోట్లో పెట్టుకోగానే అదే పోపు, అదే వాసన, మూడో పీరియడ్ గుర్తొచ్చి మళ్లీ ఏడుపొచ్చింది. "కారమైందా?" అని మాత్రం అడిగింది సుగుణ. కాలేదన్నాను. రెండోసారి కూడా వడ్డించింది.

నాలుగు దాటాక బయలుదేరితే, ఆటోలో ఆమె కూడా ఎక్కింది. ఆత్మకూర్‌లో ఉప్పు కొనేదుందట. ఉప్పు కొనలేదు. బస్టాండు బెంచీ మీద నా పక్కన కూర్చుంది, ఉడకబెట్టిన పల్లికాయ ఇరవై రూపాయలది కొంటే ఇద్దరం ఒలుచుకొని తిన్నాం. ఐదు గంటల బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యం. గొర్రెల గురించి, బడిలో కొత్తగా వండేవాళ్ల గురించి, నా మోకాలి గురించి మాట్లాడుకున్నాం. బస్సు వచ్చింది, నేను మెట్టు మీద కాలు పెట్టాను. వెనక నుంచి నా కొంగు పట్టి లాగింది.

"అక్కా" అంది.

దిగాను. నా చెవి దగ్గరికి వచ్చి ఒక సంగతి చెప్పింది. నాలుగు మాటలే. చెప్పి, "బుక్కుల రాయకు. రోజు దేవునికి చెప్పు. నువ్వొక్కదానివే" అంది. కండక్టర్ విజిల్ వేస్తున్నాడు. సరేనని తలూపి ఎక్కాను. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడి ఉంది.

ఆ రాత్రికి మహబూబ్‌నగర్‌లో చుట్టాలింట్లో ఉండి, ఆదివారం ఇంటికి చేరాను. మగవాళ్లకైతే రాను పోను చార్జీలు వెయ్యి రూపాయలు పెట్టుకుంటే సరిపోతాయి. మార్చి మొదటి ఆదివారం బల్లలో చెయ్యి వేశాను. శుక్రవారం నోటుబుక్కు ఇప్పుడు లేదు. ఎవరి మనవి వాళ్లే చెప్పుకుంటారు, చెప్పుకోలేనివాళ్లు ఊరికే మోకరిస్తారు. జయమ్మ మాత్రం నన్ను పట్టుకొని, "సుగుణ ఏమన్న మనవి ఇచ్చిందా?" అని అడిగింది. ఇచ్చిందన్నాను. ఏమిటంది. దేవునికి తెలుసన్నాను. రెండు రోజులు నా మీద అలిగింది. ఇంకోసారి వాళ్ల సంగతి నా మూలంగా ఊరి నోట్లో పడకూడదని ఇందులో అందరి పేర్లు మార్చాను, ఊరి పేరు దాచాను. రాసింది కరుణకు, సుగుణకు ఫోన్‌లో చదివి వినిపించాను. జబ్బు సంగతి ఉంచమని, గోళీలు వేసుకుంటే బతుకు మంచిగనే నడుస్తుందని కూడా రాయమని కరుణ చెప్పింది. సుగుణ ఒక వాక్యం తీసేయమంది, తీసేశాను. జయమ్మ తన అసలు పేరే పెట్టమని గొడవ చేసింది గానీ నేను పెట్టలేదు. పశ్చాత్తాపమంటే కళ్లు తుడుచుకోవడం అని ఇన్నాళ్లూ అనుకున్నాను, అది ఇంట్లో కూర్చొని కూడా చేయొచ్చు. దేవుడు నన్ను పుట్టించింది నోటి పని కోసమే అని కూడా అనుకున్నాను. అరవై దాటాక చెవి పని ఇచ్చాడు. రోజూ పొద్దున ఆ నాలుగు మాటలు ఆయనకు చెప్తున్నాను, ఇంకెవరికీ చెప్పలేదు, మీకు కూడా చెప్పను.

ఇక ఎప్పటిలాగే పనికొచ్చే ముక్క ఒకటి. ఆత్మకూర్ నుంచి మహబూబ్‌నగర్‌కు చీకటి పడేకొద్దీ బస్సులు తగ్గిపోతాయి, అందుకని ఐదు గంటల బస్సు నమ్ముకోండి, అరగంట ముందే స్టాండుకు చేరండి. చూడడానికి పోయిన మనిషిని కూడా వెంట తెచ్చుకోండి. ఇంట్లో చెప్పని మాట ఆ బెంచీ మీద చెప్తారు.